ఒకే టీవీకి రెండు మూడు రిమోట్లు సెట్ చేసుకోవడం ఎలా? కొనేముందు ఇవి చూసుకోండి

మొన్న ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం అమ్మమ్మ దగ్గర్నుంచి ఫోన్. "ఒరేయ్, టీవీ పోయిందిరా. తెర నల్లగా అయిపోయి ఏదో ఇంగ్లీషులో రాసి చూపిస్తోంది" అంది. పక్కింటి పిల్లాడిని పిలిపించి చదివిస్తే తెలిసింది, అది "నో సిగ్నల్". టీవీకి ఏమీ కాలేదు. సోర్స్ బటన్ మీద వేలు పడి హెచ్‌డీఎంఐ 1 నుంచి ఏవీ మోడ్‌లోకి వెళ్లిపోయింది. ఫోన్లో చెప్పి ఎలాగోలా వెనక్కి తెప్పించాం. కానీ ఛానల్ మార్చాలంటే డీటీహెచ్ రిమోట్ కావాలి కదా? అది మావయ్య చొక్కా జేబులో షాపుకి వెళ్లిపోయింది. మావయ్య తిరిగొచ్చేది రాత్రి తొమ్మిదికి. మోకాళ్ల నొప్పులతో గడప దాటని మనిషి, పగలంతా ఇంట్లో ఒక్కతే. ఆ రోజు సాయంత్రం దాకా ఆవిడ చూసింది ఒక్కటే ఛానల్, అది కూడా హిందీలో.

తర్వాతి ఆదివారం తెనాలి వెళ్లి ఆ టీవీకి అదనంగా రిమోట్లు సెట్ చేసి వచ్చాను. పదిహేను నిమిషాల పని అనుకున్నా, పూట పట్టింది. ఆన్‌లైన్‌లో ముందే తెప్పించుకున్న ఒక రిమోట్ ఎందుకూ పనికిరాలేదు. తప్పు నాదే, ఒక చిన్న విషయం చూసుకోలేదు. మీరు ఆ తప్పు చేయకుండా ఉండాలనే ఈ ఆర్టికల్.

ముందు ఈ తేడా తెలుసుకోండి

రిమోట్ అంటే మనకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. లోపల మాత్రం రెండు రకాలు. ఒకటి ఇన్‌ఫ్రారెడ్, అంటే ఐఆర్. రెండోది బ్లూటూత్. ఇప్పుడొచ్చే స్మార్ట్ టీవీ రిమోట్లలో చాలావాటిలో రెండూ కలిసి ఉంటాయి. అసలు కన్ఫ్యూజన్ అక్కడే మొదలవుతుంది.

ఐఆర్ రిమోట్‌కి, టీవీకి మధ్య ఏ పరిచయమూ ఉండదు. రిమోట్ ముందున్న చిన్న ఎల్‌ఈడీ మన కంటికి కనపడని వెలుగుని వేగంగా వెలిగించి ఆర్పుతుంది. టీవీలో ఉన్న కన్ను దాన్ని చదువుకుంటుంది. అంతే. ఆ వెలుగు ఏ రిమోట్ నుంచి వచ్చింది, ఎవరి చేతిలోంచి వచ్చింది అనేది టీవీకి అనవసరం. కోడ్ కరెక్ట్‌గా ఉంటే పని చేస్తుంది. కాబట్టి ఒక ఐఆర్ టీవీకి రెండు కాదు, ఇరవై రిమోట్లు పెట్టుకున్నా ఎలాంటి పెయిరింగూ అక్కర్లేదు, లిమిట్ కూడా లేదు.

బ్లూటూత్ అలా కాదు. టీవీ లేదా స్టిక్ ఒక్కో రిమోట్‌నీ విడివిడిగా గుర్తుపెట్టుకుంటుంది. కొత్తది వస్తే పెయిర్ చేయాలి. ఎన్ని గుర్తుపెట్టుకోవాలో దానికో లెక్క ఉంటుంది. వాయిస్ సెర్చ్ పనిచేసేది ఈ దారిలోనే. మీరు మాట్లాడిన ఆడియో ఐఆర్‌లో వెళ్లదు.

మీ రిమోట్ ఏ రకమో తెలుసుకోవడానికి ఒక పాత ట్రిక్ ఉంది. ఫోన్ కెమెరా ఆన్ చేసి, రిమోట్ ముందు భాగాన్ని కెమెరాకి చూపిస్తూ బటన్ నొక్కండి. స్క్రీన్ మీద ఊదా రంగు చుక్క మినుకుమినుకుమంటే ఆ బటన్ ఐఆర్‌లో వెళ్తోందన్నమాట. వెనక కెమెరాలో కనపడకపోతే సెల్ఫీ కెమెరాతో చూడండి. చాలా ఫోన్లలో వెనక కెమెరాకి ఐఆర్‌ని ఆపే ఫిల్టర్ గట్టిగా ఉంటుంది. ఒక్క పవర్ బటన్‌తో ఆపేయకుండా వాల్యూమ్, బాణం గుర్తులు, హోమ్ అన్నీ విడివిడిగా నొక్కి చూడండి. పవర్, వాల్యూమ్ మాత్రమే మెరిసి మిగతావి మెరవకపోతే మీ చేతిలో ఉన్నది మిక్స్‌డ్ రిమోట్.

నా డబ్బులు పోయింది ఇక్కడే. మావయ్య వాళ్ల టీవీకి డీటీహెచ్ బాక్స్‌తో పాటు ఒక ఫైర్ టీవీ స్టిక్ కూడా ఉంది. దానికి "కంపాటిబుల్ రిమోట్" అని రాసి ఉంటే కొనేశాను. తీరా చూస్తే అది ఐఆర్ రిమోట్. స్టిక్‌లో ఐఆర్ కన్నే లేదు, ఎటు తిప్పి నొక్కినా ఏం లాభం? మెయిన్ రిమోట్‌లోంచి వచ్చే ఐఆర్ టీవీ వాల్యూమ్ కోసం, పవర్ కోసం. స్టిక్‌తో మాట్లాడేది బ్లూటూత్‌లోనే. కాబట్టి స్టిక్‌కి రెండో రిమోట్ కొంటుంటే "బ్లూటూత్, పెయిరింగ్ అవసరం" అని లిస్టింగ్‌లో స్పష్టంగా ఉందో లేదో చూసుకోండి. టీవీకే కొంటుంటే ఈ ఇబ్బంది తక్కువ. టీవీలకి ఐఆర్ కన్ను ఉంటుంది కాబట్టి బయట షాపుల్లో రెండు మూడొందలకి దొరికే రిమోట్ కూడా సాధారణంగా పనిచేస్తుంది. వాయిస్ బటన్ మాత్రం డమ్మీగా ఉండొచ్చు.

ఐఆర్ కోడ్ లోపల ఏముంటుంది?

టెక్నికల్ సంగతులు వద్దనుకునేవాళ్లు ఈ భాగం వదిలేసి కిందికి వెళ్లిపోవచ్చు. కానీ రిమోట్ ఎందుకు పనిచేయడం లేదో మీకు మీరే కనిపెట్టాలంటే ఇది ఉపయోగపడుతుంది.

ఎక్కువగా వాడే పద్ధతుల్లో ఎన్‌ఈసీ ప్రోటోకాల్ ఒకటి. వెలుగు సెకనుకి 38 వేల సార్లు మినుకుతుంది, అంటే 38 కిలోహెర్ట్జ్. ట్యూబ్‌లైటు, ఎండ లాంటి మామూలు వెలుగుతో కలిసిపోకుండా ఉండటానికే ఈ ఏర్పాటు. బటన్ నొక్కగానే ముందు 9 మిల్లీ సెకన్ల పెద్ద పల్స్, తర్వాత 4.5 మిల్లీ సెకన్ల ఖాళీ వస్తాయి. "రెడీగా ఉండు, చెప్తున్నా" అన్నట్టు. ఆ తర్వాత 32 బిట్లు. మొదటి భాగం అడ్రస్, అంటే ఇది ఏ పరికరానికి సంబంధించిందో చెప్పేది. రెండో భాగం కమాండ్, వాల్యూమ్ పెంచాలా, ఛానల్ మార్చాలా అని. కమాండ్‌ని ఒకసారి మామూలుగా, ఒకసారి తిరగేసి పంపుతారు. రెండూ సరిపోతేనే టీవీ ఒప్పుకుంటుంది.

దీన్నిబట్టి రెండు విషయాలు అర్థమవుతాయి. ఒకటి, ఇద్దరు ఒకేసారి రెండు రిమోట్లు నొక్కితే పల్సులు ఒకదానిమీద ఒకటి పడి లెక్క తప్పుతుంది, టీవీ రెండింటినీ పట్టించుకోకుండా వదిలేస్తుంది. అన్నదమ్ములిద్దరూ రిమోట్లు పట్టుకుని పోటీపడితే టీవీ మొండికేసినట్టు కనిపించేది అందుకే. పాడవడం వల్ల కాదు. రెండు, అడ్రస్ ఒకటే అయితే ఒకే గదిలో ఉన్న ఒకే కంపెనీ సెట్‌టాప్ బాక్సులు రెండూ ఒకే రిమోట్‌కి కదులుతాయి. అలాంటప్పుడు ఒక బాక్స్ కన్ను ఎదురుగా పడకుండా అట్టముక్క అడ్డం పెట్టడమే సులువైన మందు.

అన్నీ 38 కిలోహెర్ట్జ్ మీదే నడవవు. సోనీ పద్ధతి 40, ఫిలిప్స్ మొదలుపెట్టిన ఆర్‌సీ-5 అయితే 36. యూనివర్సల్ రిమోట్ కొన్ని టీవీలకి మరీ దగ్గర్నుంచి నొక్కితేనే పనిచేయడానికి ఈ తేడా ఒక కారణం కావచ్చు.

లెర్నింగ్ రిమోట్: ఒకదానికి ఇంకొకటి నేర్పించడం

డీటీహెచ్ రిమోట్లలో చాలావాటికి టీవీ పవర్, వాల్యూమ్, సోర్స్ బటన్లని నేర్చుకునే సౌకర్యం ఉంటుంది. ఇంట్లో ఉండి కూడా ఎవరూ వాడనిది ఇదే. లెర్నింగ్ మోడ్‌లోకి వెళ్లడానికి నొక్కాల్సిన బటన్లు కంపెనీని బట్టి మారతాయి, బాక్స్‌తో వచ్చిన కాగితంలో ఉంటాయి. మిగతా పని మాత్రం అన్నింట్లో ఒకేలా ఉంటుంది. రెండు రిమోట్లనీ టేబుల్ మీద ముఖాముఖి పెట్టండి, మధ్యలో నాలుగైదు వేళ్ల దూరం. నేర్చుకునే రిమోట్‌లో బటన్ ఎంచుకుని, నేర్పే రిమోట్‌లో అదే పనిచేసే బటన్ నొక్కండి. లైటు మెరిసి "అయింది" అని చెప్తుంది. కిటికీ ఎండ నేరుగా పడే చోట చేయకండి. నేర్పే రిమోట్‌లో బ్యాటరీలు వీక్‌గా ఉంటే కోడ్ తప్పుగా నేర్చుకునే ప్రమాదం ఉంది, కొత్తవి వేసి మొదలుపెట్టండి.

సరదా విషయం ఏంటంటే, యాపిల్ కో-ఫౌండర్ స్టీవ్ వోజ్నియాక్ యాపిల్ వదిలాక పెట్టిన కంపెనీ చేసింది ఇలాంటి ప్రోగ్రామబుల్ యూనివర్సల్ రిమోట్‌నే. 1987లో "కోర్" అనే పేరుతో వచ్చింది. ఆయన ఇంట్లో కూడా రిమోట్లు ఎక్కువైపోయి ఉంటాయి.

నేర్పించిన రిమోట్‌లో ఒక వింత సమస్య రావచ్చు. ఛానల్ నంబర్ 155 కొడితే 15 మాత్రమే పడుతుంది. రెండో 5 ఎటు పోయింది? ఆర్‌సీ-5 లాంటి పద్ధతుల్లో "టాగుల్ బిట్" అని ఒకటుంటుంది. బటన్ వదిలి మళ్లీ నొక్కిన ప్రతిసారీ అది 0 నుంచి 1కి, 1 నుంచి 0కి మారుతుంది. అది మారితేనే "కొత్తగా నొక్కారు" అని బాక్స్ అనుకుంటుంది. నేర్చుకున్న రిమోట్ ఒక్క కోడ్‌నే రికార్డు చేసుకుని, ప్రతిసారీ అదే వదిలితే, బాక్స్ దాన్ని "ఇంకా నొక్కే ఉంచారు" అనుకుంటుంది. దీనికి మందు: లెర్నింగ్ బదులు ఆ బ్రాండ్ కోడ్ రెడీగా ఉన్న యూనివర్సల్ రిమోట్ వాడటం. లేదా రెండు 5ల మధ్య వేరే బటన్ ఏదైనా నొక్కితే తప్పించుకోవచ్చేమో అనిపిస్తుంది కానీ, నంబర్ మధ్యలో అది ఇంకో గొడవ. నా సలహా మొదటిదే.

స్టిక్‌కి, ఆండ్రాయిడ్ టీవీకి రెండో రిమోట్

ఫైర్ టీవీకి ఏడు రిమోట్ల దాకా పెయిర్ చేసుకోవచ్చు. పాత రిమోట్ చేతిలో ఉంటే సెట్టింగ్స్‌లో "కంట్రోలర్స్ అండ్ బ్లూటూత్ డివైజెస్" (కొన్ని వెర్షన్లలో "రిమోట్స్ అండ్ బ్లూటూత్ డివైజెస్") ఓపెన్ చేసి, "అమెజాన్ ఫైర్ టీవీ రిమోట్స్"లో "యాడ్ న్యూ రిమోట్" నొక్కండి. ఇప్పుడు కొత్త రిమోట్‌లో హోమ్ బటన్‌ని పది సెకన్లు పట్టుకోండి. లిస్టులో కనపడితే పాత రిమోట్‌తో సెలెక్ట్ చేయండి. రెండూ పనిచేస్తాయి, ఒకదాన్ని ఇంకొకటి తీసేయదు.

ఆండ్రాయిడ్ టీవీలో అయితే సెట్టింగ్స్‌లో "రిమోట్స్ అండ్ యాక్సెసరీస్" ఉంటుంది, అక్కడ పెయిర్ చేయాలి. శాంసంగ్ స్మార్ట్ రిమోట్‌కి రిటర్న్, ప్లే-పాజ్ బటన్లు రెండూ కలిపి టీవీ వైపు చూపిస్తూ కనీసం మూడు సెకన్లు పట్టుకోవాలి. ఏ బ్రాండ్ అయినా సరే, కొత్తది పెయిర్ అయ్యాక పాతది ఇంకా పనిచేస్తోందో లేదో అక్కడే చెక్ చేసుకోండి. కొన్ని టీవీలు కొత్తదాన్ని చేర్చుకుని పాతదాన్ని మర్చిపోతాయి.

ఖర్చు లేకుండా కావాలంటే ఫోనే రిమోట్. గూగుల్ టీవీ యాప్‌లో టీవీని ఎంచుకుంటే తెర మీద ఒక కోడ్ వస్తుంది, అది ఫోన్లో కొడితే చాలు. ఫైర్ టీవీకి కూడా సొంత యాప్ ఉంది. టైపింగ్‌కి ఇంతకంటే హాయి లేదు. కానీ రెండూ ఒకే వైఫైలో ఉండాలి. ఇక్కడే హాస్టల్ బ్యాచ్ ఇరుక్కుపోతారు. ఇంటి నుంచి స్టిక్ తెచ్చుకుంటారు, రిమోట్ మర్చిపోతారు. స్టిక్‌ని కొత్త వైఫైకి కలపాలంటే రిమోట్ కావాలి, ఫోన్‌ని రిమోట్ చేయాలంటే స్టిక్ వైఫైలో ఉండాలి. దారి ఉంది. ఒక ఫోన్లో హాట్‌స్పాట్ పెట్టి, దానికి మీ ఇంటి వైఫై పేరు, పాస్‌వర్డ్ అక్షరం తేడా లేకుండా ఇవ్వండి. స్టిక్ ఇంటి వైఫైయే అనుకుని కనెక్ట్ అయిపోతుంది. రెండో ఫోన్‌ని అదే హాట్‌స్పాట్‌కి కలిపి యాప్ ఓపెన్ చేస్తే స్టిక్ కనిపిస్తుంది.

ఐఆర్ బ్లాస్టర్ ఉన్న ఫోన్లు ఇంకో రకం. రెడ్‌మీ, పోకో ఫోన్లలో చాలావాటికి ఉంటుంది. వీటికి వైఫై అవసరం లేదు, యాప్‌లో టీవీ బ్రాండ్ ఎంచుకుంటే నేరుగా ఐఆర్ పంపిస్తాయి. మ్యాచ్ నడుస్తుండగా టీ షాపులో టీవీ ఆపేసే కుర్రాళ్లు వాడేది ఇదే. మీరు ఆ పని చేయకండి, ఆఖరి ఓవర్‌లో అసలు చేయకండి.

చాలామందికి తెలియని ఇంకో రిమోట్ మీ ఇంట్లో ఇప్పటికే ఉంది. హెచ్‌డీఎంఐ కేబుల్‌లో 13వ పిన్ సీఈసీ కోసం. శాంసంగ్ దీన్ని ఎనీనెట్ ప్లస్ అంటుంది, ఎల్‌జీ సింప్‌లింక్ అంటుంది, సోనీ బ్రావియా సింక్ అంటుంది. ఇది ఆన్‌లో ఉంటే మామూలు టీవీ రిమోట్ బాణాలు, ఓకే బటన్‌తోనే స్టిక్‌ని నడపొచ్చు. అంటే టీవీకి కొన్న చవక ఐఆర్ డూప్లికేట్, దారి మార్చి స్టిక్‌కి కూడా రెండో రిమోట్ అయిపోతుంది.

అయితే సీఈసీకి ఒక చెడ్డ అలవాటు ఉంది, అమ్మమ్మ ఇంట్లో అదే పట్టుకుంది. అక్కడ డీటీహెచ్ హెచ్‌డీఎంఐ 1లో, స్టిక్ 2లో ఉన్నాయి. మావయ్య కొడుకు గదిలోంచి ఫోన్ యాప్‌లో ఏదో నొక్కగానే స్టిక్ నిద్రలేచి, టీవీని తనవైపు లాక్కునేది. హాల్లో సీరియల్ చూస్తున్న అమ్మమ్మ ముందు ఉన్నట్టుండి వేరే బొమ్మ. సోర్స్ బటన్ తను నొక్కకుండానే సోర్స్ మారిపోయేది, పాపం అందరూ ఆవిడనే అనేవారు. ఫైర్ టీవీ సెట్టింగ్స్‌లో "డిస్‌ప్లే అండ్ సౌండ్స్"కి వెళ్లి "హెచ్‌డీఎంఐ సీఈసీ డివైస్ కంట్రోల్" ఆఫ్ చేశాను. టీవీ రిమోట్‌తో స్టిక్ నడిపే సౌకర్యం దాంతో పోయింది. పోతే పోయింది, ఆ ఇంట్లో స్టిక్ వాడేవాడికి కుర్ర వయసు, వాడి రిమోట్ వాడికుంది.

బాక్స్ హాల్లో, రెండో టీవీ బెడ్‌రూంలో ఉంటే?

ఒకే బాక్స్ నుంచి స్ప్లిటర్‌తో లోపలి గదికి వైరు లాగేవాళ్లు చాలామంది ఉన్నారు. బొమ్మ వస్తుంది, ఛానల్ మార్చాలంటే హాల్లోకి నడవాలి. రెండో రిమోట్ కొన్నా లాభం లేదు, ఐఆర్ గోడ దాటదు. దీనికి ఐఆర్ ఎక్స్‌టెండర్ అని చిన్న కిట్ దొరుకుతుంది. కన్ను ఉన్న వైరు బెడ్‌రూం టీవీ దగ్గర, చిన్న ఎల్‌ఈడీ ఉన్న రెండో చివర బాక్స్ కన్నుకి ఎదురుగా అంటించాలి. ఆ ఎల్‌ఈడీ సరిగ్గా కన్నుకి ఎదురుగా పడటమే ఇక్కడ అసలు పని. టార్చ్ వేసి బాక్స్ నల్ల ప్లాస్టిక్ వెనక కన్ను ఎక్కడుందో చూసుకుని అంటించండి. కనెక్షన్ ఒక్కటే కాబట్టి రెండు టీవీల్లోనూ ఒకే ఛానల్ వస్తుందని మాత్రం ఇంట్లో ముందే చెప్పండి, తర్వాత గొడవలు వద్దు.

పెద్దవాళ్ల రిమోట్‌లో బటన్లు "చంపేయడం"

మొత్తం ఆదివారంలో నాకు బాగా నచ్చిన పని ఇది. అమ్మమ్మకి కావాల్సినవి పవర్, వాల్యూమ్, ఛానల్ పైకి కిందికి, అంకెలు. మిగతా బటన్లన్నీ ఆవిడకి గండాలే. ఐదారు పెద్ద బటన్లతో పెద్దవాళ్ల కోసమే చేసిన రిమోట్లు ఉన్నాయి, దొరికితే అవే కొనండి. లేకపోతే డూప్లికేట్ డీటీహెచ్ రిమోట్‌నే అలా మార్చొచ్చు.

బ్యాటరీలు తీసేసి, రిమోట్ అంచుల్లో పాత ఏటీఎం కార్డు మూల పెట్టి నెమ్మదిగా విప్పండి. బ్యాటరీ గదిలో స్క్రూ ఉంటే అది ముందు తీయాలి. లోపల రబ్బరు షీటు ఉంటుంది, ప్రతి బటన్ వెనకా నల్లటి గుండ్రటి కార్బన్ ముక్క. అది బోర్డు మీద ఉన్న గీతల్ని కలిపితేనే బటన్ పనిచేస్తుంది. వద్దనుకున్న బటన్ కింద బోర్డు మీద చిన్న సెల్లోటేప్ ముక్క అంటించి మళ్లీ మూసేయండి. బటన్ పైకి కనిపిస్తుంది, నొక్కొచ్చు, కానీ ఏమీ కాదు. పక్క బటన్ గీతల మీదికి టేప్ పాకకుండా చూసుకోండి. సోర్స్, సెటప్, లాంగ్వేజ్, రేడియో బటన్లు నాలుగింటికీ టేప్ వేశాను. వాల్యూమ్, పవర్ బటన్లకి ముందే టీవీ కోడ్ నేర్పించాను కాబట్టి ఆవిడకి టీవీ రిమోట్‌తో పనే లేదు.

ఒరిజినల్ రిమోట్ మీద ఈ ప్రయోగం చేయకండి. రేపు టెక్నీషియన్ వచ్చి సెటప్ మెనూ ఓపెన్ చేయమంటే అది కావాలి. ఒరిజినల్‌ని బ్యాటరీలు తీసేసి బీరువాలో పెట్టండి. బ్యాటరీలతో వదిలేస్తే ఏడాది తర్వాత కారిపోయి స్ప్రింగులు తుప్పు పట్టి ఉంటాయి.

అంతా అయ్యాక రిమోట్ ఆవిడ చేతికిచ్చి, "అమ్మమ్మా, నీ ఇష్టం వచ్చినవి నొక్కు" అని నేను వసారాలోకి వచ్చి కూర్చున్నా. పక్కనే ఉంటే మనల్ని అడిగి నొక్కుతారు, అప్పుడు తప్పులు బయటపడవు. పది నిమిషాల్లో రెండు దొరికాయి. మ్యూట్ బటన్ ఛానల్ బటన్ పక్కనే ఉండి పొరపాటున పడుతోంది, దానికీ టేప్ వేశాను. రెండోది, అంకెలు చిన్నగా ఉండి చీకట్లో కనపడటం లేదు. 5 మీద గోళ్ల రంగుతో చుక్క పెట్టాం. వేలికి తగిలితే మిగతా అంకెలు ఎక్కడున్నాయో ఆవిడే లెక్కేసుకుంటోంది. రిమోట్‌కి తాడు కట్టి మంచం కోడుకి ముడి వేయించుకుంది, అది మాత్రం ఆవిడ ఐడియానే.